పెరటి పండ్ల చెట్లకు ఆకు తెగులు: బోర్డోనా, గంధకమా, మజ్జిగనా, ఉత్త కత్తెర చాలా?

మృగశిర వానలు పడి ఇరవై రోజులు కావు, నా ఫోన్ల ఆకుల ఫొటోలు వచ్చుడు షురూ అయితది. జామాకు మీద గోధుమ రంగు మచ్చలు, మామిడి లేత ఆకు కొసలు కాలినట్టు, సీతాఫలం కాయ నల్లగ ముడుచుకుపోయి కొమ్మకే వేలాడుకుంట. ఫొటో కింద అందరిదీ ఒకటే మాట, "అన్నా, ఏం మందు కొట్టాలె?" మాది హన్మకొండ, ఇంటెనుక జాగల రెండు మామిడి, రెండు జామ, సీతాఫలం, నిమ్మ, దానిమ్మ, సపోటా, ఆపిల్ రేగు ఉన్నయ్, పన్నెండేండ్ల సంది ఇవే చూసుకుంటున్న కాబట్టి నన్ను అడుగుతరు. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్తుంటే సగం చెప్పి సగం మర్చిపోతున్న, అందుకే మొత్తం ఒక్కకాడ రాస్తున్న.

నేను చెప్పేదాంట్ల అసలు మాట ముందే చెప్త. "ఏ మందు మంచిది" అని అడిగితే దానికి జవాబు లేదు. ఆకు మీద ఉన్నది తెల్లగనా, గోధుమ రంగా, నల్లగనా చూసినంకనే మందు మాట. ఒక రంగుకు పనిచేసేది ఇంకో రంగుకు పనికిరాదు. ఒక ఏడు మా జామాకులు పట్టుకొని దుకాణానికి పోతే మూడు పాకెట్లు ఇచ్చి మూడు కలిపి కొట్టుమన్నరు, ఒకటి తెగులుకు, ఒకటి పురుగుకు, ఒకటి టానిక్ అట. కొట్టిన. పైసలు పోయినయ్, ఆకులు నల్లగున్నయ్ నల్లగనే ఉన్నయ్, పిల్లలు తినే జామకాయల మీద మూడు రకాల మందు పడ్డది. అప్పటి సంది చెట్టు కింద నిలబడి సరిగ్గ చూడకుంట దుకాణం దిక్కు పోతలేను.

ముందు ఆకును చూడుర్రి

ఆకు మీద తెల్ల పిండి చల్లినట్టు ఉండి, వేలుతో రుద్దితే వేలికి అంటుకుంటె అది బూడిద తెగులు. మనకాడ మామిడి పూతకు సంక్రాంతి అటుఇటు, రేగుకు దసరా దీపావళి నడుమ ఎక్కువ వస్తది. దీనికి ఆకు తడవాల్సిన పనిలేదు, పగలు పొడిగ వెచ్చగ, రాత్రి చల్లగ, గాలిల తేమ ఉంటె చాలు. జోరు వాన పడితే ఇది తగ్గుతది గూడ.

గోధుమ, నలుపు మచ్చలు ఉండి, వాటి నడుమ ఎండి చిల్లులు పడి, లేత ఆకు కొసలు మాడితే అది ఆకుమచ్చ, మామిడిల పక్షికన్ను తెగులు అంటరు. ఇది రుద్దితే పోదు, ఆకు లోపల ఉంటది. దీనికి ఆకు గంటల తరబడి తడిగ ఉండాలె, అందుకే ముసురు పట్టినప్పుడు పెరుగుతది. 2023 జులైల మన దిక్కు కురిసిన వానలు యాదికున్నయ్ గదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649 మిల్లీమీటర్లు పడ్డది. ఆ ఏడు మా సీతాఫలానికి ఆకులు నిలువలే.

ఇగ మూడోది నల్ల మసి. తడిబట్టతోని తుడిస్తే మసి పోయి కింద ఆకు పచ్చగ, మంచిగ కనబడుతది. దీన్ని మసి మంగు అంటరు. ఇది ఆకును తినేది కాదు, పైన పేరుకునేది. తేనెమంచు పురుగో, తెల్లదోమో, పిండినల్లో జిగట వదిలితే ఆ జిగట మీద ఈ బూజు పెరుగుతది. చెట్టు మీదికి చీమలు బారు కట్టి పోతున్నయంటే అదే ఆనవాలు.

ఈ మూడు బూజు జాతియే. వీటిల్ల చేరనియి కూడ ఉన్నయ్, వాటికి బూజు మందు కొట్టుడు ఉత్త దండుగ. నిమ్మాకు మీద గరుకుగ లేచి చుట్టు పసుపు వలయం ఉన్న మచ్చ గజ్జి తెగులు, అది బ్యాక్టీరియా. దానిమ్మకు నూనె చుక్క లెక్క మచ్చలు వచ్చి కాయ పగిలితే అదీ బ్యాక్టీరియానే. ఈ రెండింటికి రాగి మందులు (బోర్డో, బ్లైటాక్స్ లాంటియి) కొంత అడ్డం పడ్తయ్, మిగిలినయి పనిచెయ్యవు. బొప్పాయి ఆకు సన్నగ దారాల లెక్క అయి, కాయ మీద రింగులు వచ్చినయంటే వైరస్, దానికి మందు లేదు, మొక్క తీసేసుడే. మామిడి, జామ ముదురు ఆకుల మీద తుప్పు రంగుల మెత్తగ గుండ్రటి మచ్చ ఉంటే అది నాచు జాతిది, దానికి మాత్రం రాగి మంచిగ పనిచేస్తది.

ఎంచుకునేటప్పుడు ఇంక ఏమేం చూడాలె

తెగులు ఏదో తెలిసినంక నేను నాలుగు చూస్త. తెగులు ఇంక రాకముందా, వచ్చినంకనా అనేది మొదటిది, ఎందుకంటే సగం మందులు రాకుంట ఆపేటియే తప్ప వచ్చినదాన్ని మాన్పేటియి కావు. చెట్టు ఎత్తు రెండోది, ముప్పై ఫీట్ల మామిడికి చేతి స్ప్రేయర్ తోని ఎంత మంచి మందు కొట్టినా కింది కొమ్మలకే, పైన తెగులు పైననే ఉండి వానకు కిందికి కారుతది. మూడోది కాయ ఏ దశల ఉన్నది, ఎన్ని రోజులకు తెంపుతం. నాలుగోది పెరట్ల ఎవరెవరు తిరుగుతరు, చిన్నపిల్లలు, కోళ్ళు, మేక, మూత లేని బాయి, చేపల తొట్టి ఏమన్న ఉన్నయా అని. రాగి చేపలకు విషం, అది మాత్రం మర్వద్దు.

ధర నేను చివరికే పెట్టిన. నాలుగైదు చెట్లకు ఏ మందైనా పెద్ద ఖర్చు కాదు. తప్పు మందు కొంటెనే ఖర్చు.

కత్తెర, చీపురు

దీన్ని మందు కింద ఎవరూ లెక్కవెట్టరు, నేను మాత్రం మొదటి నంబర్ ఇదే ఇస్త. ఆకుమచ్చ తెగులు నిరుటి ఎండు పుల్లలల్ల, కింద రాలిన ఆకులల్ల, చెట్టుకే ఎండిపోయిన కాయలల్ల బతికి ఉంటది, వాన చినుకు పడి ఎగిరినప్పుడు ఆ చినుకుతోనే కొత్త ఆకు మీదికి ఎక్కుతది. ఆ ఇల్లు తీసేస్తే సగం తెగులు అక్కడనే ఆగుతది.

మామిడికి కాయ తెంపంగనే, జూన్ జులైల, నడుమ గుబురు కొమ్మలు తీసేస్త, చెట్టు కింద నిలబడి పైకి చూస్తే అక్కడక్కడ ఆకాశం కనబడాలె, అదే నా కొలత. ఎండిన పూత కాడలు, పుల్లలు అన్ని కోస్త. సీతాఫలానికి నల్లగ ఎండిన కాయలు ఒక్కటి గూడ చెట్టు మీద ఉంచొద్దు. రాలిన ఆకులు వారానికోసారి ఊడ్చి అడుగు లోతు గుంట తీసి కప్పెడుత, కాలనీల కాల్చుడు మంచిది కాదు, పక్కింటి వాళ్ళకు పొగ. పైపు పట్టి ఆకుల మీద నీళ్ళు కొట్టే అలవాటు ఉంటే మానాలె, అదీ పొద్దూకినంక అస్సలు కొట్టొద్దు, రాత్రంత ఆకు తడిగనే ఉంటది.

దీంట్ల కష్టం ఏందంటే ఒళ్ళు వంచాలె, పెద్ద చెట్టయితే మనిషిని పెట్టాలె. కోసిన కొమ్మకు మందు పెట్టకపోతే అక్కడి నుంచి కుళ్ళు దిగుతది గూడ. దానికి బోర్డో పేస్టు పుయ్యాలె, 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం, లీటర్ నీళ్ళు.

బోర్డో మిశ్రమం

దీని కథ ఫ్రాన్సుది. బోర్డో దిక్కు ద్రాక్ష తోటల రైతులు తోవ పక్క పండ్లు ఎవరూ తెంపుకపోవద్దని మైలుతుత్తం, సున్నం కలిపి తీగల మీద చల్లేటోళ్ళట. మిగిలిన తీగలు తెగులుకు పోయినా ఇవి పచ్చగ ఉన్నయని మిలార్డే అనే ప్రొఫెసర్ చూసి 1885ల బయటపెట్టిండు. నూట నలభై ఏండ్లయితుంది, ఇప్పటికి దాని పని అది చేస్తనే ఉన్నది.

పది లీటర్లకు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, ఇది 1 శాతం మిశ్రమం. మైలుతుత్తం గుడ్డల మూటగట్టి ఐదు లీటర్ల నీళ్ళల్ల పైపైన వేలాడదీసి రాత్రంత ఉంచితే మంచిగ కరుగుతది, అడుగున పడేస్తే గంటలు కలిపినా కరగదు. రాతి సున్నం మీద కొద్దిగ నీళ్ళు చల్లి విరిగినంక ఇంకో ఐదు లీటర్లల్ల కలిపి బట్టతోని వడగట్టాలె. రెండింటిని ఒక్కసారి మూడో బకెట్ల పోసుకుంట కర్రతోని తిప్పాలె. ప్లాస్టిక్ బకెట్లు గాని, కుండలు గాని. ఇనుప బకెట్, ఇత్తడి బిందె వద్దు.

మా ఇంట్ల ఈ పని అమ్మదే. నేను పోస్త, ఆమె తిప్పుతది. నీలం నీళ్ళు, తెల్ల నీళ్ళు కలిసి చిక్కటి ఆకాశం రంగు వస్తది. అప్పుడు కొడవలి కడిగి దాంట్ల ముంచి నిమిషం ఉంచి తీస్తది. కొడవలి మీద ఎర్రగ రాగి పూత ఎక్కిందా, "ఎర్రగయితుంది బిడ్డా, ఇంక సున్నం పొయ్యి" అంటది. మల్ల సున్నం, మల్ల కొడవలి. కొడవలి తెల్లగనే బయటకొచ్చినంక వడగట్టి ట్యాంకుల పోస్తం. ఈ పరీక్ష చెయ్యకుంట కొడితే రాగి ఎక్కువై ఆకులు మాడుతయ్, అప్పుడు మందునే తిడుతరు. బజార్ల దొరికే పొడి సున్నం ఒక్కోటి ఒక్కో తీరు ఉంటది, అందుకే లెక్క కంటె కొడవలి మీదనే నమ్మకం పెట్టుకోవాలె.

ఆకుమచ్చకు, నిమ్మ గజ్జికి, నాచు మచ్చకు వానకాలంల దీనికి మించింది నాకు కనబడలే. ఆకుకు అతుక్కుంటది, ఒక వానకు కడుక్కపోదు. గాని కలిపిన దినమే వాడాలె, వేరే మందు ఏదీ దాంట్ల కలపొద్దు, పూత మీద కొట్టొద్దు, ముసురు పట్టి ఆకు ఆరని రోజు గూడ కొట్టొద్దు, అట్ల కొడితే లేతాకు మాడుతది. ఆకుల మీద, కాయల మీద నీలం తెలుపు మరక ఉండిపోతది, చూడ్డానికి బాగుండదు. తెల్ల బూడిదకు కొంత పనిచేస్తది గాని దానికి గంధకమే సరి. ఇంకోటి, రాగి మట్టిల పేరుకుంటది, ఎటూ పోదు. వానకాలం మొదట్ల ఒకసారి, నడుమ ఒకసారి చాలు. నెలకు రెండుసార్లు కొట్టుకుంట పోవద్దు.

కాపర్ ఆక్సీక్లోరైడ్

బ్లైటాక్స్ అంటే దుకాణంల అందరికి తెలుసు. లీటర్ కు 3 గ్రాములు, నీళ్ళల్ల కలుపు, కొట్టు, అంతే. సున్నం లేదు, కొడవలి లేదు. రాగే గాబట్టి బోర్డో చేసే పనులే చేస్తది, కాకపోతే వానకు బోర్డో అంత నిలువదు. ఒకటి రెండు చెట్లున్నోళ్ళకు, మూడు బకెట్ల పని చేసే ఓపిక లేనోళ్ళకు ఇదే చెప్త. ఐదారు చెట్ల కంటె ఎక్కువుంటే బోర్డో లాభం.

నీళ్ళల్ల కరిగే గంధకం

తెల్ల బూడిదకు ఇది పాత మందు, ఇప్పటికి మంచి మందు. లీటర్ కు 3 గ్రాములు. మామిడికి పూత కాడ బయటపడి ఇంక పువ్వు విచ్చకముందు ఒకసారి, పిందె గోలీ అంత అయినంక ఒకసారి. నిండు పూతల ఏ మందూ కొట్టొద్దు, ఈగలు, తేనెటీగలు తిరిగి పిందె కట్టే టైం అది. రేగుకు ఆకు మీద మొదటి తెల్ల చుక్క కనబడంగనే.

గంధకంతోని ఒక్కటే భయం, ఎండ. 32, 35 డిగ్రీలు దాటితే ఆకును, పిందెను కాలుస్తది. మన వరంగల్ల శివరాత్రికి చలి శివశివ అని పోతదంటరు గదా, గంధకం గూడ చలితోనే పోవాలె. ఒక మార్చిల నేను మధ్యాహ్నం పూట రేగుకు కొట్టిన, పొద్దుగాల టైం దొరకలేదని. మూడో రోజుకు ఆకు అంచులన్ని ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమ రంగు తిరిగి రాలినయ్. చెట్టు మల్ల చిగురు పెట్టింది గాని ఆ ఏడు ఆ చెట్టు చిన్నబోయి ఉండె. వేపనూనె గాని, వేరే నూనె మందు గాని కొడితే దానికీ గంధకానికీ నడుమ కనీసం రెండు వారాలు ఎడం ఉండాలె, అది గూడ ఇట్లనే కాలుస్తది.

ఆకుమచ్చకు గంధకం మీద ఆశ పెట్టుకోవద్దు.

మాంకోజెబ్, లోపలికి పోయే మందులు

మాంకోజెబ్ లీటర్ కు 2.5 గ్రాములు, పసుపు పొడి, ఆకు పైన పొరలెక్క ఉండి కాపాడుతది. ఆకుమచ్చకు రాగికి బదులు వాడొచ్చు. వానకు పోతది.

హెక్సాకొనజోల్ లీటర్ కు 2 మిల్లీలీటర్లు, కార్బెండజిమ్ లీటర్ కు 1 గ్రాము, ఇవి ఆకు లోపలికి పోతయ్. పైన చెప్పినయన్ని తలుపు కాడ కావలి కాసేటియి అనుకుంటే, ఇవి ఇంట్ల జొరబడ్డోని వెనుక పడేటియి. తెగులు సోకిన కొత్తల కొడితే పట్టుకుంటయ్, కొన్ని గంటలు ఆరినంక వానొచ్చినా కడుక్కపోవు. మామిడి పూతకు బూడిద పడి కాడలు తెల్లగయినంక గంధకంతోని ఆగకపోతే హెక్సాకొనజోల్ తోనే ఆగుతది, అది నేను చూసిన.

అయినా నేను వీటిని చివరికే పెడుత, రెండు కారణాలు. లోపలికి పోయింది కడిగితే పోదు, లేబుల్ మీద రాసిన అన్ని రోజులు ఆగినంకనే కాయ తెంపాలె, పెరట్ల చెట్టు కాడ పిల్లలు అన్ని రోజులు ఆగుతరా మీరే చూసుకోర్రి. రెండోది, అదే మందు మల్ల మల్ల కొడితే బూజు దానికి అలవాటు పడ్తది, కార్బెండజిమ్ కు ఇది జల్ది అయితది. ఏడాదికి ఒకసారి, మరీ అయితే రెండుసార్లు, అదీ నడుమ వేరే రకం మందు మార్చి.

సూడోమోనాస్, ట్రైకోడెర్మా

సూడోమోనాస్ మంచి బ్యాక్టీరియా, లీటర్ కు 10 గ్రాములు కలిపి ఆకుల మీద కొడితే ఆకుమచ్చను కొంత అడ్డుకుంటది. సాయంత్రం కొట్టాలె, ఎండకు చస్తది. తెగులు ముదిరినంక దీనితోని కాదు. డేట్ చూసి కొనాలె, ఎండల పెట్టిన పాకెట్ ఉత్త పొడి కిందనే లెక్క.

ట్రైకోడెర్మా కాడ చాలామంది పొరపాటు పడ్తున్నరు. అది మంచి బూజు, మట్టిల ఉండే తెగుళ్ళకు, వేరుకుళ్ళుకు, ఎండు తెగులుకు. పశువుల ఎరువు, వేపపిండి కలిపి మాగబెట్టి చెట్టు మొదట్ల వెయ్యాలె. ఆకు మచ్చకు ట్రైకోడెర్మా కొట్టి "పనిచేస్తలేదు" అంటే తప్పు దానిది కాదు. ఈ రెండు వాడే కాడ రాగి, మాంకోజెబ్ అదే వారంల కొట్టొద్దు.

మజ్జిగ, సోడా, వేపనూనె, గంజి

పుల్లటి మజ్జిగ ఐదారు రోజులు పులవబెట్టి నీళ్ళల్ల కలిపి కొట్టుడు ప్రకృతి వ్యవసాయంల అందరు చేసేదే. పాలకు తెల్ల బూడిదను తగ్గించే గుణం ఉన్నది, బ్రెజిల్ల 1999ల గుమ్మడి జాతి మొక్కల మీద పాలు నీళ్ళు కలిపి కొట్టి చూసిన్రు, పది వంతులల్ల ఒక వంతు పాలకే తగ్గింది. మా కుండీల రేగుకు నేను మజ్జిగ కొడుత, మొదటి చుక్క కాడ కొడితే నిలబడుతది, వారానికోసారి కొట్టాలె. చెట్టంత పాకినంక మజ్జిగతోని కాదు. ఆకుమచ్చకు మజ్జిగ మీద నాకు నమ్మకం లేదు, మూడు వానకాలాలు చూసిన.

వంట సోడా లీటర్ కు 5 గ్రాములు, రెండు చుక్కల సబ్బు కలిపి బూడిదకు కొడుతరు. కొంత పనిచేస్తది గాని ఎక్కువైతే ఆకు మాడుతది, కుండీల మట్టిల ఉప్పు పేరుకుంటది. ఒకటి రెండుసార్లకు మించొద్దు.

వేపనూనె లీటర్ కు 5 మిల్లీలీటర్లు, సబ్బు నీళ్ళతోని. తెగులు మందు అని కాదు, మసి వెనుక ఉన్న పురుగు కోసం. మసికి బూజు మందు ఎంత కొట్టినా పురుగు ఉన్నన్ని రోజులు మల్ల వస్తది. మా జామకు చివరికి చేసింది ఇదే, ముందు పైపుతోని ఆకుల అడుగుకు జోరుగ నీళ్ళు కొట్టి తెల్లదోమను రాల్చినం, వారం ఎడంల రెండుసార్లు వేపనూనె కొట్టినం, ఆ తర్వాత గంజి. 250 గ్రాముల మైదా కొద్ది నీళ్ళల్ల ఉండలు లేకుంట ఉడకబెట్టి ఐదు లీటర్లు చేసి వడగట్టి ఆకుల మీద కొట్టినం, ఎండ మంచిగున్న రోజు చూసుకొని. మధ్యాహ్నానికి ఆకు మీద గంజి ఎండి పలచటి పొర అయి, అంచుల కాడ లేచి, నల్ల మసిని పట్టుకొనే పొరలు పొరలుగ ఊడింది. గాలి వచ్చినప్పుడల్ల నల్లటి రేకులు రాలుతున్నయ్, కింద పచ్చటి ఆకు. మబ్బున్న రోజు మాత్రం గంజి కొట్టొద్దు, ఎండక మీద ఇంకో బూజు లేస్తది.

ఏం కొట్టకపోతే?

ఇదీ ఒక దారే. ముదురు ఆకుల మీద నాలుగైదు మచ్చలు, చెట్టు బలంగ ఉన్నది, కాయ మంచిగ కాస్తున్నది అంటే ఏ మందూ అక్కర్లేదు. సపోటాకు ఆకుమచ్చ ప్రతి ఏడు వస్తది, నేను ఊడ్చుడు తప్ప ఏం చెయ్య, కాయకు ఏం కాలేదు. లేత చిగురు, పూత, పిందె, ఈ మూడింటికి తగిలితేనే కదలాలె.

| ఏం వాడుతం | తెల్ల బూడిద | గోధుమ మచ్చ | నల్ల మసి | ఎప్పుడు | జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| కత్తెర, ఊడ్చుడు | కొంత | మస్తు | కొంత | కాయ తెంపినంక, వానల ముందు | కోసిన కాడ పేస్టు |
| బోర్డో 1 శాతం | కొంత | మస్తు | లేదు | తెగులు రాకముందు | పూతకు వద్దు, కొడవలి పరీక్ష |
| కాపర్ ఆక్సీక్లోరైడ్ | కొంత | మంచిగ | లేదు | తెగులు రాకముందు | చేపలు, మట్టిల రాగి |
| గంధకం | మస్తు | లేదు | లేదు | మొదటి చుక్కకు | ఎండ, నూనె |
| మాంకోజెబ్ | లేదు | మంచిగ | లేదు | రాకముందు | వానకు పోతది |
| హెక్సాకొనజోల్ | మస్తు | కొంత | లేదు | సోకిన కొత్తల | తెంపే గడువు |
| సూడోమోనాస్ | కొంచెం | కొంత | లేదు | రాకముందు, సాయంత్రం | రాగితోని కలపొద్దు |
| పుల్లటి మజ్జిగ | కొంత | నమ్మకం లేదు | లేదు | మొదటి చుక్కకు, వారం వారం | ఓపిక |
| వేపనూనె, తర్వాత గంజి | కొంచెం | లేదు | మస్తు | పురుగు కనబడంగనే | ఎండ ఉన్న రోజే గంజి |

మీ ఇంటికి ఏది

మేడ మీద డ్రమ్ముల నాలుగు మొక్కలు పెట్టుకున్నోళ్ళు రాగి జోలికి ఎక్కువ పోకుర్రి, ఆ కొద్ది మట్టిల అది జల్ది పేరుకుంటది. తెగులు ఆకు చేత్తోనే తెంపొచ్చు, బూడిదకు మజ్జిగ, మసికి తడిబట్ట, వేపనూనె. అంతకు మించి నాకైతే అవసరం పడలే.

పెద్దమనుషులు ఇద్దరే ఉండి, పాత మామిడి చెట్టు మేడ కంటె ఎత్తు పోయిన ఇళ్ళు మన వరంగల్ల చాలా ఉన్నయ్. వాళ్ళు ఏటేటా మందు కొట్టే మనిషికి ఇచ్చే పైసలు ఒక ఏడు కొమ్మలు కొట్టించనీకి పెడితే మంచిది. ఒక్కసారే మొత్తం మోడు చెయ్యకుంట, రెండు మూడేండ్లల్ల కొద్దికొద్దిగ ఎత్తు దించుకుంట రావాలె. ఎత్తు దిగినంక కాలుతోని తొక్కే పంపుతోనో, బ్యాటరీ స్ప్రేయర్ తోనో మందు పై దాక అందుతది, కాయ తెంపుడు గూడ అలకగ అయితది.

చిన్నపిల్లలు, కోళ్ళు ఉన్న ఇల్లయితే నేను లోపలికి పోయే మందులు అస్సలు చెప్ప. పిందె ఉన్నప్పుడు మామిడికి గంధకం, వానకాలం కాయలు లేనప్పుడు రాగి, అంతే. జామ మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు కాస్తది, కాయ ఎప్పుడూ ఏదో దశల ఉంటది, దానికి కత్తెర, సూడోమోనాస్ తోనే నెట్టుకురావాలె.

ఊరి బయట అర ఎకరం జాగల ముప్పై నలభై చెట్లు పెట్టి ఆదివారం ఆదివారం పోయొచ్చేటోళ్ళకు వేరే లెక్క. మీరు మొదటి చుక్కను చూడలేరు, వారానికోసారి మజ్జిగ గూడ మీతోని కాదు. మీకు క్యాలెండర్ పెట్టుకొని ముందే కొట్టేదే నయం. రోహిణి కార్తెల ఎండు కొమ్మలు తీసి ఊడ్చుడు, వానలు మొదలు కాంగనే తెరిపి చూసి బోర్డో, ఆగస్టుల ఇంకోసారి, డిసెంబర్ చివర మామిడి పూత కాడ బయటపడేటప్పుడు గంధకం. జగిత్యాల దిక్కు మామిడి తోటల వాళ్ళు పూత టైంల ఎంత జాగ్రత్తగ ఉంటరో చూస్తే తెలుస్తది, పూత పోయిందంటే ఆ ఏడు పోయినట్టే.

కొట్టేటప్పుడు

పొద్దుగాల మంచు ఆరినంక గాని, సాయంత్రం గాలి లేనప్పుడు గాని. పూతకు దగ్గర పడ్డ చెట్టయితే సాయంత్రమే, తేనెటీగలు ఇండ్లకు పోయినంక. పూర్తి చేతుల అంగీ, మాస్క్, గ్లౌజులు, కండ్లకు అద్దాలు. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు. ఆరేసిన బట్టలు తియ్యాలె, నీళ్ళ ట్యాంకు, బాయి మూత వెయ్యాలె, పక్కింటి వాళ్ళకు ఒక మాట చెప్పాలె. ఆకు పై భాగం ఒక్కటే తడిపి వచ్చేస్తరు చాలామంది, ఆకు అడుగు గూడ తడవాలె. జామ చెట్టుకు నాకు నాలుగైదు లీటర్లు, మామిడికి ఎనిమిది పది లీటర్లు పడ్తది.

పాకెట్ మీద డైమండ్ ఆకారంల రంగు గుర్తు ఉంటది, ఎరుపు అన్నిటికంటె విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటె తక్కువ. పెరటి చెట్టుకు ఎరుపు, పసుపు గుర్తున్నది ఎవరిచ్చినా తీసుకోవద్దు. నేను పైన రాసిన కొలతలకు, మీ పాకెట్ మీద రాసిన కొలతకు తేడా ఉంటే పాకెట్ మీదిదే పట్టుకోవాలె, మందు శాతం మారితే కొలత మారుతది.

కొట్టినంక రోజూ పోయి పాత మచ్చలు పోయినయా అని చూస్తరు, అవి పోవు. మాడిన ఆకు మల్ల పచ్చగ కాదు, అది రాలాల్సిందే. మందు పనిచేసిందా లేదా అనేది ఆ తర్వాత వచ్చిన చిగురు చెప్తది. నేను ఒక కొమ్మకు ఎర్ర దారం కడుత, దాని కొసన వచ్చే కొత్త ఆకులను పదిహేను రోజులు చూస్త, అవి శుభ్రంగ ఉంటే ఇంకోసారి కొట్టుడు అక్కర్లేదు.

కొత్త చిగురుకు గూడ మచ్చలు వస్తనే ఉంటె, లేకపోతే తెగులు ఏదో మీకే తేలకపోతే, పది ఆకులు, ఒక చిన్న కొమ్మ తెంపి, కొత్తగ సోకినయి కొన్ని, ముదిరినయి కొన్ని, కాగితంల చుట్టి (ప్లాస్టిక్ కవర్ల కుళ్ళుతయ్) అదే రోజు తీసుకపోయి చూపెట్టుర్రి. వరంగల్ల ములుగు రోడ్డు మీద వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది, జగిత్యాల వాళ్ళకు పొలాస, కరీంనగర్ దిక్కోళ్ళకు జమ్మికుంట కృషి విజ్ఞాన కేంద్రం, మహబూబాబాద్ వాళ్ళకు మల్యాల. పోయేటప్పుడు ఇదివరకు ఏమేం కొట్టిన్రో, ఏ తారీఖుకు కొట్టిన్రో ఒక చీటీ మీద రాసుకపోర్రి, వాళ్ళు మొదలు అడిగేది అదే.